లైబ్రరీ మెట్టు దగ్గర చివరి రీడింగు

ఓవర్సీరమ్మ ఉద్యోగంలో చేరి ముప్పై మూడేళ్లు దాటింది. ఈలోగా రెండు ప్రమోషన్లొచ్చాయి, కూర్చునే గది మారింది, తలుపు మీద పొడుగాటి హోదా కూడా వచ్చి చేరింది. అయినా మురుగు కాలువల విభాగంలో అందరికీ ఆవిడ ఓవర్సీరమ్మే. వెనకాల మాత్రం ఇంకో పేరుంది: రెండోసారి. కొలత ఏదైనా, తీసింది ఎవరైనా, "రెండోసారి చూడు" అనందే ఆవిడకి మనసొప్పదు. గొయ్యి లోతు కొలిచి పైకొచ్చిన పనివాడు ఆవిడ మొహం చూసి, నోరు తెరిచేలోపే మళ్లీ గోతిలోకి దిగేవాడు.

ఇది చాలదన్నట్టు ఇంకో అలవాటు. కొలబద్ద పట్టుకున్న మనిషి యాభై అడుగుల దూరంలో ఉన్నా సరే, ప్రతి రీడింగుకీ ముందు నడుచుకుంటూ వాడి దగ్గరికెళ్లి, కొలబద్ద ఏ వైపు నేలకి ఆనించాడో కళ్లారా చూసుకుని, మళ్లీ నడుచుకుంటూ వెనక్కొస్తుంది. కొత్తగా చేరిన పిల్ల ఇంజనీర్లు నవ్వుకునేవారు. "మేడంకి వేరే వాకింగెందుకండీ, ఒక్క వీధి కొలిస్తే చాలు, రోజుకి సరిపడా అయిపోతుంది" అని. ఆవిడ వినీ విననట్టు ఊరుకునేది. ఎందుకింత చాదస్తమని మొగుడడిగినా చెప్పలేదు, కూతురడిగినా చెప్పలేదు. మనం తెలుసుకోవాలంటే ముప్పై నాలుగేళ్లు వెనక్కి వెళ్లాలి. రండి, పెద్ద దూరమేం కాదు.

ఎత్తుపల్లాలు కొలిచే పని చూడ్డానికి చాలా తేలిక. మూడు కాళ్ల స్టాండు మీద దుర్భిణి లాంటి పరికరం బిగిస్తారు. దాన్ని లెవెల్ అంటారు. దూరంగా ఒకడు మూడు మీటర్ల చెక్క కొలబద్ద నిలబెట్టి పట్టుకుంటాడు. దాన్ని స్టాఫ్ అంటారు. ఇందులోంచి చూసి అందులో అంకె చదవడం, పుస్తకంలో రాసుకోవడం. అంతే! కానీ ఆ కాలపు లెవెల్‌లో ఒక తిరకాసుండేది. అందులోంచి చూస్తే లోకం మొత్తం తలకిందులు. మనుషులు కాళ్లు పైకి పెట్టి వేలాడేవాళ్లు, చెట్లు కిందికి పెరిగేవి, అంకెలు కూడా తలకిందులే. అలా చదవడం అలవాటయ్యేసరికి పిల్లలకి తల ప్రాణం తోకకొచ్చేది. ఇప్పుడాలోచించండి. కొలబద్దనే ఎవడైనా పొరపాటున తిరగేసి పట్టుకుంటే? అంకెలు ముచ్చటగా, నిటారుగా కనిపిస్తాయి! అంటే అందులో నిటారుగా కనిపించిందంటే ఎక్కడో కొంప మునిగిందన్నమాట.

చివరి సంవత్సరం ఫీల్డు పరీక్ష రోజు అదే జరిగింది. కాలేజీ లైబ్రరీ మొదటి మెట్టు దగ్గర మొదలుపెట్టి, హాస్టలు చుట్టూ తిరిగి, నీళ్ల ట్యాంకు దాటి, మళ్లీ అదే మెట్టు దగ్గరికి రావాలి. బయల్దేరిన మెట్టూ చేరిన మెట్టూ ఒకటే కాబట్టి లెక్క కలిసి తీరాలి. మన ఓవర్సీరమ్మ అప్పుడు ఇరవై ఏళ్ల పిల్ల, క్లాసులో ఫస్టు. కన్ను లెవెల్‌కి ఆనించి చదివేది తనే, రాసేదీ తనే. స్టాఫ్ మోసింది సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఈలవేస్తూ తిరిగే కుర్రాడు. చివరి రీడింగు మిగిలింది. అంతలో భోజనాల గంట కొట్టారు. కుర్రాడు స్టాఫ్ భుజాన వేసుకుని పరుగెత్తుకెళ్లి మెట్టు మీద నిలబెట్టాడు. కింద ఉండాల్సిన ఇత్తడి తొడుగు పైకి పోయింది.

ఆ పిల్ల లెవెల్‌లోంచి చూసింది. అంకెలు నిటారుగా, నల్లగా, అచ్చు గోడ మీది క్యాలెండరులోలా ఉన్నాయి. అమ్మయ్య, ఇవాళ ఎంత బాగా కనిపిస్తున్నాయో అనుకుంది. సంతోషంగా రాసేసుకుంది కూడా.

లెక్క తేలాక చూస్తే, పొద్దున్న ఉన్న లైబ్రరీ మెట్టు మధ్యాహ్నానికి ఎనభై సెంటీమీటర్లు భూమిలోకి దిగిపోయింది. సర్వే మాస్టారు వచ్చి తల పైకెత్తారు. ఇత్తడి తొడుగు ఇంకా పైనే ఉంది.

"ఒరే, నిన్ను కొలబద్ద పట్టుకోమన్నానా, దానిచేత శీర్షాసనం వేయించమన్నానా?"

క్లాసంతా కడుపుబ్బ నవ్వింది. సాయంత్రానికి ఆ కుర్రాడి అసలు పేరు మాయమైపోయి శీర్షాసనం మిగిలింది. మాస్టారు ఆ పిల్ల వైపు తిరిగారు. "అమ్మాయ్, నీకు అంకెలు నిటారుగా కనిపించి ఉండాలే. గమనించలేదా?"

అప్పటికి తెలిసిపోయింది తనకి. "లేదు సార్, ఎండ కళ్లలో పడింది" అంది.

ఆ రోజు మబ్బేసి ఉంది. మాస్టారు ఒకసారి ఆకాశం వైపు చూశారు.

కుర్రాడు ఫీల్డు పరీక్ష తప్పాడు. మరుసటేడు జూనియర్లతో కలిసి మళ్లీ అదే మెట్టు చుట్టూ తిరిగాడు. ఆ పిల్లకి రెండు మార్కుల తేడాతో బంగారు పతకం వచ్చింది. క్లాసంతా గోల్డు అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పతకం ఇప్పటికీ బీరువాలో బట్టల అడుగున ఉంది. పెళ్లయిన ఇన్నేళ్లలో మొగుడు దాన్ని చూసింది ఒక్కసారే, అదీ చెదలమందు చల్లిన రోజు.

చెప్పాలనుకోలేదా అంటే, అనుకోని రోజు లేదు. క్లాసువాళ్లు ఇదివరకు మూడుసార్లు కలిశారు. మూడుసార్లూ గుండె దిటవు చేసుకుని వెళ్లింది. మూడుసార్లూ శీర్షాసనం రాలేదు. ఫోను నంబరు సంపాదించి ఒకసారి చేసింది కూడా. అవతల "హలో" అనగానే, మీ వైపు వానలెలా ఉన్నాయని అడిగి పెట్టేసింది. ముప్పై ఏళ్లుగా ఊరి మురుగునంతా నదిలో కలవకుండా దారి మళ్లించిన మనిషికి ఒక్క మాట నోట్లోంచి బయటికి రాలేదంటే చూడండి!

ఈసారి కాలేజీలోనే కలుద్దామని మైకు ఫోను చేశాడు. వీడు క్లాసులో పెద్ద గొంతువాడు, ఇప్పుడు ఇళ్ల ప్లాన్లు గీస్తాడు, గొంతు మాత్రం తగ్గలేదు.

"గోల్డూ! విన్నావా? ఎట్టకేలకు శీర్షాసనం దొరికాడే! భార్యతో సహా వస్తానన్నాడు. మాస్టారు కూడా వస్తున్నారు, ఎనభై మూడేళ్లు ఆయనకి. నువ్వు రాకపోతే మీ ఇంటికొచ్చి మైకు పెట్టి అరుస్తాను."

"నీకు మైకెందుకురా" అని నవ్వి ఫోను పెట్టేసి, ఆవిడ కుర్చీలోంచి లేచింది. నేరుగా స్టోరు గదికి వెళ్లింది.

ఇప్పుడన్నీ కొత్త పరికరాలొచ్చాయి. పాత లెవెల్ ఒకటి చెక్క పెట్టెలో మూల పడి ఉంది. స్టోరుకీపరు దుమ్ము దులుపుతూ, "ఈ ముసలాయనతో ఏం పని మేడం? ఇందులో అంతా తలకిందులుగా కదా కనిపించేది" అన్నాడు.

"అందుకే కావాలి" అని, మూలనున్న పాత స్టాఫ్‌ని కూడా కలిపి రిజిస్టరులో సంతకం చేసింది. సోమవారం పొద్దున్నకి తిరిగివ్వాలి.

ఆదివారం పొద్దున్నే బయల్దేరారు. లెవెల్ పెట్టెని వెనక సీట్లో పెట్టి బెల్టు కట్టింది. మూడు మీటర్ల స్టాఫ్‌ని కారు పైన తాళ్లతో బిగించి, చివర ఎర్రగుడ్డ కట్టింది. కట్టిన ముళ్లు రెండోసారి చూసింది. ఆవిడ మొగుడు బళ్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. స్టీరింగు ముందు కూర్చుని ఈ తతంగమంతా అద్దంలో చూశాడు.

"పెళ్లైన కొత్తలో నన్నయినా ఇంత భద్రంగా చూసుకోలేదు కదోయ్."

"మిమ్మల్ని సోమవారం తిరిగివ్వక్కర్లేదు కదా!"

"ఇంతకీ ఇదంతా ఎందుకో ఇప్పుడైనా చెప్తావా?"

దారిపొడుగునా చెప్పింది. మొగుడు కాలేజీ గేటు దగ్గర బండాపి, "నీ పక్కన నేనుంటాను. మాట తడబడితే ఈల ఊదుతాను" అన్నాడు. జేబులో నిజంగానే ఈల ఉంది. రిటైరైనా ఆ ఈల వదల్లేదు మహానుభావుడు.

ముప్పై రెండు మందిలో పందొమ్మిది మంది వచ్చారు. ఒకరినొకరు గుర్తుపట్టడానికే అరగంట పట్టింది. జుట్టున్నవాళ్లు జుట్టు లేనివాళ్లని ఏడిపించారు, మోకాళ్లు బాగున్నవాళ్లు బాగులేనివాళ్లకి సలహాలిచ్చారు. వంతెనలు కట్టినవాడు మనవరాలి ఫొటోలు చూపించాడు. రోడ్ల కాంట్రాక్టరు అవుతాడనుకున్నవాడు తేనెటీగలు పెంచుతున్నాడు. "మీ అందరికన్నా నాకే పనివాళ్లు ఎక్కువ" అని గొప్ప చెప్పుకున్నాడు. సర్వే మాస్టారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన అరిచిన అరుపులన్నీ ఆయనకే అనుకరించి చూపించారు. ఆయన చెవిమిషను సర్దుకుంటూ పడీపడీ నవ్వారు. ఓవర్సీరమ్మ కూడా నవ్వుతూనే ఉంది గానీ చూపంతా గేటు మీదే.

పదకొండింటికి ఒక వ్యాను వచ్చింది. దాని నిండా బాణాలు. తలుపుల మీద, వెనక, పక్కన, అన్నీ పైకి చూస్తున్న పెద్ద పెద్ద ఎర్ర బాణాలు. పక్కన "ఇది పై వైపు" అని రాసి ఉంది. అందులోంచి బొద్దుగా, నున్నటి గుండుతో ఒకాయన దిగాడు.

"ఒరేయ్ శీర్షాసనం!" మైకు గొంతుకి చెట్టు మీది పిట్టలు లేచిపోయాయి. "సరిగ్గా కాళ్ల మీదే దిగావా, చూసుకో!"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఇళ్ల సామాన్లు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేరవేసే కంపెనీ ఆయనది. పాతికేళ్లలో ఒక్క అద్దం పగల్లేదని చెప్పాడు. టీ కప్పు చేతికివ్వబోతే ఖాళీది తీసుకుని, ముందు తిరగేసి అడుగు చూసి, మళ్లీ తిప్పి, అప్పుడు పోయించుకున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఓవర్సీరమ్మ చేతిలో బిస్కెట్టు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆయన భార్య కలుపుగోలు మనిషి. వచ్చిన పది నిమిషాల్లో ఓవర్సీరమ్మ పక్కన కుర్చీ లాక్కుని, వరస కూడా కలిపేసింది.

"మా ఆయన సంగతేం చెప్పమంటారు వదినగారూ! అట్టపెట్టెల మీద బాణాలంటే సరే, వ్యాపారం. ఈ మంచినీళ్ల సీసా మీద బాణమెందుకండీ? టిఫిన్ డబ్బా మీద బాణం, చెప్పుల పెట్టె మీద బాణం. మంచం కొన్నరోజున దాని మీదా గీశారు. నేనేమన్నా మంచాన్ని తిరగేసి పడుకుంటానా!"

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. ఓవర్సీరమ్మ ఆ సీసా చేతిలోకి తీసుకుని, నల్ల మార్కరుతో గీసిన బాణాన్ని చూసింది. ఆయనకి పేరు ఒక్కటే అంటుకుందనుకుంది ఇన్నాళ్లూ. ఇంత లోపలికి పోయిందని ఆవిడకి తెలీదు. పాపం, ఎంత పని చేశాను అనుకుంది. లేచి నిలబడి, "భోజనాలకి ముందు అందరూ ఒకసారి లైబ్రరీ దగ్గరికి రండి" అంది.

లెవెల్‌ని చూడగానే అందరికీ ప్రాణం లేచొచ్చింది. నేను బిగిస్తానంటే నేను బిగిస్తానని ఎగబడ్డారు. ఆవిడ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. స్టాండు తనే నిలబెట్టింది, మట్టం చూపించే బుడగ తనే సరిచేసింది. స్టాఫ్‌ని మైకు చేతికిచ్చి, "ఇత్తడి తొడుగు పైకి పెట్టి మెట్టు మీద పట్టుకో" అంది.

"తప్పు కదే!"

"చెప్పినట్టు చెయ్యి."

తర్వాత శీర్షాసనం భార్యని పిలిచింది. ఆవిడకి సర్వే అంటే ఏమిటో తెలీదు. ఒక కన్ను మూసి, ఇంకో కన్ను ఆనించి, కాసేపు తంటాలుపడి ఒక్క కేక వేసింది.

"అయ్యబాబోయ్, మైకన్నయ్యగారు తలకిందులుగా వేలాడుతున్నారు! ఆ కర్ర మీద అంకెలు మాత్రం ఎంచక్కా నిటారుగా ఉన్నాయండీ! ఒకటి, పక్కన తొమ్మిది. భలే కనిపిస్తున్నాయి."

"చూశారా?" అంది ఓవర్సీరమ్మ. తర్వాతి మాట తడబడింది. మొగుడి చెయ్యి జేబులో ఈల వైపు వెళ్లింది. ఆవిడ కళ్లతోనే వద్దంది. "ఏమీ తెలియని మనిషికే నిటారుగా కనిపిస్తున్నాయని తెలిసింది. నాకు తెలీకుండా ఉంటుందా? ఆ రోజు నాకూ ఇలాగే కనిపించాయి. భలే ఉన్నాయని సంతోషపడి రాసుకున్నాను. పట్టుకున్నవాడు తిరగేసి పట్టుకుంటే, ఆపాల్సింది చూసేవాళ్లు. అది నా పని. సార్ అడిగితే ఎండ అని అబద్ధం చెప్పాను. పరీక్ష పోతుందని భయపడ్డాను. నా తప్పు వీడి నెత్తిన పడుతుంటే నోరు మూసుకుని నిలబడ్డాను."

మైకుకి మాట పడిపోవడం క్లాసువాళ్లు అదే మొదటిసారి చూడ్డం. స్టాఫ్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మాస్టారు కుర్చీలోంచి నెమ్మదిగా అన్నారు, "ఆ రోజు మబ్బేసింది. నాకు గుర్తే. అడగాల్సింది. ఫస్టు వచ్చే పిల్లని ఏమడుగుతాంలే అని ఊరుకున్నాను. అందులో నా వాటా నాకుంది."

శీర్షాసనం లైబ్రరీ మెట్టు మీద కూలబడ్డాడు. ఎవరి వైపూ చూడలేదు. నవ్వు మొహం ఎక్కడికో పోయింది.

"ఏడాది పోయిందే నాకు" అన్నాడు చివరికి. "ఏడాది పోతే పోయింది. మా నాన్న, పోయేదాకా, నా చేతికి గోడకి మేకు కొట్టే పని కూడా ఇవ్వలేదు. నువ్వొద్దులేరా, తిరగేసి కొడతావు అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. నేనూ నవ్వేవాణ్ణి." తల ఎత్తాడు. "ఆ కర్ర నేను తిరగేశాను, అది నిజమే. కానీ మొత్తం నేనే అనుకున్నాను. ఇన్నేళ్లూ మొత్తం నేనొక్కణ్ణే అనుకున్నాను."

"మొత్తం నువ్వు కాదు" అంది. కళ్లనీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోలేదు. "క్షమించమని అడిగే మొహం కూడా లేదు నాకు. తెలియాలి కదా నీకు, అందుకే చెప్పాను."

శీర్షాసనం భార్య వెళ్లి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆయన ఒక్క ఉదుటున లేచి, మైకు చేతిలోంచి స్టాఫ్ లాక్కున్నాడు. ఒకసారి తిప్పి చూశాడు, ఇంకోసారి తిప్పి చూశాడు, ఇత్తడి తొడుగుని మెట్టుకి ఆనించి నిటారుగా నిలబడ్డాడు.

"ఊఁ, చదువు గోల్డూ. ఆ ఒక్క రీడింగూ అలాగే ఉండిపోయింది కదా."

ఓవర్సీరమ్మ కళ్లు తుడుచుకుని కన్ను ఆనించింది. అంకెలు తలకిందులుగా, బుద్ధిగా ఉన్నాయి. "ఒకటి పాయింట్ ఒకటి సున్నా" అంది.

మెట్టు దగ్గర్నుంచి ఆయన గట్టిగా అరిచాడు. "రెండోసారి చూడు!"

ఆవిడ ఉలిక్కిపడింది. ఆ మాట ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఎవరు చెప్తారు? ఆయన రోజూ తన పనివాళ్లతో అనే మాటే అది. పక్కనే ఉన్న ఆవిడ మొగుడు ముందు ముక్కున వేలేసుకున్నాడు, తర్వాత నవ్వాపుకోలేక ఈల ఊదేశాడు. దాంతో ఆవిడకీ నవ్వొచ్చింది. ఏడుపూ నవ్వూ కలిసి, రెండోసారి చూడ్డానికి కన్ను నిలవలేదు.

"ఒకటి పాయింట్ ఒకటి సున్నా!" అంది చివరికి. మాస్టారు చప్పట్లు కొట్టారు.

"ఇక నుంచి ఆ పేరు దీనికే!" మైకుకి గొంతు తిరిగొచ్చింది. "గోల్డు రద్దు! శీర్షాసనం ఇది!"

"పోరా" అన్నాడు శీర్షాసనం. "ముప్పై నాలుగేళ్లు మోశాను, అంత తేలిగ్గా ఇచ్చేస్తానా? కావాలంటే సగం తీసుకోమను." తీసుకుంటానంది ఆవిడ. నిజంగానే అంది.

అప్పుడాయన జేబులోంచి నల్ల మార్కరు తీసి, స్టాఫ్ మీద పైకి చూస్తూ ఇంత పొడుగు బాణం గీశాడు. ఆఫీసు సామాను మీద చిన్న గీత పడినా ఊరుకోని ఓవర్సీరమ్మ, కర్ర కదలకుండా రెండు చేతులా పట్టుకుని మరీ గీయించింది. గీశాక ఆయన లెవెల్ దగ్గరికొచ్చి వంగాడు. ఆ రోజుల్లో ఆయన ఎప్పుడూ కర్ర మోసే వైపే, ఇందులోంచి సరిగ్గా చూసిందే లేదు.

"ఇదేంటే, నా బాణం కిందికి చూస్తోంది?"

"కరెక్టుగా ఉంది, వచ్చి భోంచెయ్యి" అంది ఆవిడ.

సోమవారం పొద్దున స్టోరుకీపరు అన్నీ సరిచూసుకుంటూ స్టాఫ్ దగ్గర ఆగిపోయాడు. "మేడం, ఇదెవరు గీశారు? ఇప్పుడు నేనేమని రాయాలి?"

ఓవర్సీరమ్మ రిజిస్టరు తన వైపు లాక్కుంది. ఆఖరి గడిలో, "స్టాఫ్ మీద బాణం గుర్తు ఉంది. బాధ్యత నాది" అని రాసి, కింద సంతకం చేసి, పెన్ను మూత పెట్టి, తన గదికి వెళ్లిపోయింది. రాసింది రెండోసారి చూసుకోలేదు.